ఖతర్ వరల్డ్ కప్‌కు రూ.18 లక్షల కోట్లు.. మరి మిగిలింది ఎవరికి?

2022 డిసెంబర్ 18. లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ ఆడుతుంటే ఇక్కడ హైదరాబాద్‌లో టీవీ ఉన్న చాయ్ హోటల్ ముందు నిలబడే చోటు లేదు. 3-3తో మ్యాచ్ డ్రా, పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలుపు, చివర్లో మెస్సీ భుజాల మీద ఖతర్ అమీర్ కప్పిన నల్లటి బిష్త్. అంతకు నాలుగు రోజుల ముందే మొరాకో సెమీఫైనల్ ఆడింది. ఆఫ్రికా నుంచి గానీ, అరబ్ దేశాల నుంచి గానీ అంతదూరం వచ్చిన మొదటి జట్టు అదే. ఒక అరబ్ దేశం, ఒక ముస్లిం దేశం మొదటిసారి వరల్డ్ కప్ జరిపించిందన్న సంతోషం మన ఇళ్లలో దాచుకున్నా దాగలేదు.

ఆ స్టేడియాలు, రోడ్లు, మెట్రో కట్టడానికి కూలీలను తెచ్చుకున్న దేశమూ అదే. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్ల నుంచి ఎందరో పోయారు. చాలామంది నాలుగు పైసలు సంపాదించుకుని ఇల్లు కట్టుకున్నారు, చెల్లెలి పెళ్లి చేశారు. కొందరు పెట్టెలో తిరిగి వచ్చారు.

వరల్డ్ కప్, ఒలింపిక్స్, కామన్వెల్త్ గేమ్స్ లాంటి పెద్ద పోటీలు వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది. ఇంత ఖర్చు పెట్టడం గిట్టుబాటేనా? ఈ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు రాదు. కామర్స్ చదివినవాళ్లకు మొదటి ఏడాదిలోనే ఒక మాట చెప్తారు. లెక్క రాసే ముందు అది ఎవరి పుస్తకమో తేల్చుకోవాలి. ఒకరి పుస్తకంలో ఖర్చుగా పడేది ఇంకొకరి పుస్తకంలో ఆదాయంగా పడుతుంది. ఖతర్ వరల్డ్ కప్‌కు కూడా ఒకటి కాదు, కనీసం మూడు పుస్తకాలున్నాయి. ఒక్కొక్కటి తెరిచి చూద్దాం.

ముందు మొత్తం ఖర్చు

ఖతర్‌కు ఈ పోటీ దక్కింది 2010 డిసెంబర్ 2న. అప్పటి నుంచి 12 ఏళ్లలో 20,000 కోట్ల నుంచి 22,000 కోట్ల డాలర్ల దాకా ఖర్చయిందని అంచనా. అప్పటి మారకం లెక్కన సుమారు రూ.18 లక్షల కోట్లు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, 2022-23లో తెలంగాణ రాష్ట్ర బడ్జెట్ రూ.2.56 లక్షల కోట్లు. అంటే మన రాష్ట్రం ఏడేళ్లు నడిచే డబ్బు. 2017లో ఖతర్ ఆర్థిక మంత్రే వారానికి దాదాపు 50 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తున్నామని చెప్పారు.

అయితే ఇదంతా ఫుట్‌బాల్ ఖర్చు అనుకుంటే పొరపాటు. ఏడు కొత్త స్టేడియాలు, పాత ఖలీఫా స్టేడియం బాగుచేత కలిపి 650 కోట్ల నుంచి 1,000 కోట్ల డాలర్ల మధ్య అయిందని చెప్తారు. మిగిలింది మెట్రో, రోడ్లు, విమానాశ్రయం, హోటళ్లు, లుసైల్ అనే కొత్త నగరం. వీటిలో కొన్ని వరల్డ్ కప్ లేకపోయినా కట్టేవారే. కాకపోతే పోటీ తేదీ ముందుంది కాబట్టి అన్నీ ఒకేసారి, ఉరుకులు పరుగుల మీద కట్టారు. ఈ తొందర సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

మొదటి పుస్తకం: ఫిఫా

ఇది అన్నిటికన్నా తేలికైన లెక్క. టీవీ హక్కులు, స్పాన్సర్లు, టికెట్లు, లైసెన్సుల డబ్బు ఫిఫాకు పోతుంది. స్టేడియాలు, రోడ్లు, భద్రత ఖర్చు ఆతిథ్య దేశం నెత్తిన పడుతుంది. పైగా ఫిఫా ఆదాయానికి పన్ను మినహాయింపు ఇస్తామని ఆ దేశం ముందే హామీ రాసివ్వాలి. 2019 నుంచి 2022 వరకు నాలుగేళ్లలో ఫిఫా ఆదాయం 757 కోట్ల డాలర్లు, సుమారు రూ.62 వేల కోట్లు. టోర్నీ నడిపించే ఖర్చు, జట్లకిచ్చే ప్రైజ్ మనీ ఫిఫా పెట్టుకుంటుంది. ప్రైజ్ మనీ మొత్తం 44 కోట్ల డాలర్లు. అందులో అర్జెంటీనాకు వచ్చింది 4.2 కోట్ల డాలర్లు, అంటే దాదాపు రూ.347 కోట్లు.

ఇల్లు మీది, వంట మీది, వడ్డన మీది, వచ్చిన కట్నాలు మాత్రం పెళ్లిళ్ల పేరయ్యవి అన్నట్టుంటుంది ఈ ఒప్పందం. ఫిఫా పుస్తకంలో నష్టం అన్న మాటే లేదు.

రెండో పుస్తకం: ఖతర్ ప్రభుత్వం

పెట్టిన డబ్బు పోటీ వల్ల తిరిగి వచ్చిందా అంటే రాలేదు. వచ్చే అవకాశమూ లేదు. ఆ నెల రోజుల్లో పది లక్షల మందికి పైగా వచ్చారు. వాళ్లు పెట్టిన హోటల్ ఖర్చు, తిండి ఖర్చు ఎంత గట్టిగా కూడినా లక్షల కోట్ల దగ్గరికి పోదు.

మరి ఖతర్ అంత అమాయకమా? కాదు. ఖతరీ పౌరులు మూడు లక్షలకు అటూఇటూ ఉంటారు. గ్యాస్ అమ్మకం మీద కూర్చున్న దేశం. 2017 జూన్ నుంచి 2021 జనవరి దాకా సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఆ దేశాన్ని దిగ్బంధం చేశాయి. అలాంటి చిన్న దేశానికి ప్రపంచంలో పేరు, పలుకుబడి అంటే భద్రత కూడా. వరల్డ్ కప్‌తో కొనుక్కున్నది అదే. 2023లో ఖతర్‌కు వచ్చిన సందర్శకులు 40 లక్షలు, 2024లో 50 లక్షలు దాటారు. మెట్రోలో జనం రోజూ తిరుగుతున్నారు. ఖతర్ దృష్టిలో ఇది నష్టం కాదు, చేతనైన ఖర్చు.

ఈ 'చేతనైన' అన్న మాటే అన్ని దేశాలకూ వర్తించదు. 2014లో బ్రెజిల్ అమెజాన్ అడవి మధ్యలోని మనౌస్ నగరంలో స్టేడియం కట్టింది. అక్కడ జరిగిన వరల్డ్ కప్ మ్యాచ్‌లు నాలుగే. మొదటి శ్రేణి లీగ్‌లో ఆడే క్లబ్ ఆ ఊరికి లేదు. కెనడాలోని మాంట్రియల్ 1976లో ఒలింపిక్స్ జరిపి, ఆ అప్పు తీర్చడానికి 2006 దాకా 30 ఏళ్లు తీసుకుంది. లాభం చూసిన ఊరు లాస్ ఏంజెలెస్. 1984లో 20 కోట్ల డాలర్లకు పైగా మిగిల్చుకుంది. కారణం పెద్ద రహస్యమేం కాదు. అప్పుడు వేరే నగరాలేవీ పోటీలో నిలవలేదు కాబట్టి షరతులు తనే పెట్టగలిగింది, ఉన్న స్టేడియాలనే వాడుకుంది.

మూడో పుస్తకం: కూలి చేసినవాడిది

ఈ పుస్తకాన్ని ఎవరూ సరిగ్గా రాయలేదు. ఇక్కడే అసలు గొడవ.

2021 ఫిబ్రవరిలో బ్రిటన్ పత్రిక 'ది గార్డియన్' ఒక లెక్క బయటపెట్టింది. పోటీ దక్కిన తర్వాత పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకకు చెందిన 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారని. అందులో మనవాళ్లు 2,711 మంది. ఈ అంకెను చాలామంది తప్పుగా చెప్తుంటారు. వీళ్లంతా స్టేడియం పనిలో చనిపోయినవాళ్లు కాదు. డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, ఆఫీసు పనివాళ్లు, రోడ్డు ప్రమాదాలు, జబ్బులు అన్నీ కలిపిన లెక్క అది.

ఖతర్ నిర్వాహక కమిటీ చెప్పింది ఇంకో లెక్క. స్టేడియాల దగ్గర పని వల్ల చనిపోయింది ముగ్గురు, పనితో సంబంధం లేకుండా 37 మంది అని. 2022 నవంబర్‌లో ఆ కమిటీ అధిపతి హసన్ అల్ థవాదీ ఒక టీవీ ఇంటర్వ్యూలో 400 నుంచి 500 మంది ఉండొచ్చన్నారు. అది స్టేడియాల అంకె కాదని, దేశమంతా అన్ని పనుల్లో జరిగిన మరణాల అంకె అని కమిటీ తర్వాత వివరణ ఇచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక్క 2020 సంవత్సరాన్నే తీసుకుని ఖతర్ ఆసుపత్రుల రికార్డులు చూస్తే పని వల్ల చనిపోయినవాళ్లు 50 మంది, తీవ్రంగా గాయపడ్డవాళ్లు 500 మందికి పైగా తేలారు.

ముగ్గురు, 50 మంది, 500 మంది, 6,500 మంది. ఒకే దేశం గురించి ఇన్ని అంకెలు ఎందుకున్నాయి? ఎందుకంటే చనిపోయినవాడు ఎందుకు చనిపోయాడో చాలా కేసుల్లో ఎవరూ చూడలేదు. గార్డియన్ పరిశీలనలో భారతీయుల మరణాల్లో దాదాపు 80 శాతం 'సహజ మరణం' అని రాసి ఉన్నాయి. గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని రాస్తారు. పాతికేళ్ల మనిషికి, వెళ్లే ముందు మెడికల్ ఫిట్‌నెస్ పరీక్ష పాసైన మనిషికి, రాత్రి పడుకుని తెల్లారి లేవకపోతే అది సహజం ఎలా అవుతుంది?

2019లో 'కార్డియాలజీ' జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన ఖతర్‌లో నేపాలీ కార్మికుల గుండె సంబంధ మరణాలను ఎండల తీవ్రతతో పోల్చి చూసింది. ఎండలు ముదిరిన నెలల్లో మరణాలు పెరిగాయని, జాగ్రత్తలు తీసుకుంటే అందులో చాలామంది బతికేవారని చెప్పింది. అంతకు ముందే 2014లో ఖతర్ ప్రభుత్వం తానే నియమించుకున్న న్యాయసంస్థ డీఎల్ఏ పైపర్ కూడా అనుమానాస్పద, ఆకస్మిక మరణాలకు పోస్టుమార్టం జరిగేలా చట్టం మార్చాలని సూచించింది.

ఒక్క మాట తేడా, రూ.45 లక్షల తేడా

'సహజ మరణం' అన్న మాట కేవలం కాగితం మీది మాట కాదు. ఖతర్ కార్మిక చట్టం ప్రకారం పని వల్ల చనిపోతే కుటుంబానికి 2 లక్షల రియాళ్ల పరిహారం రావాలి. 2022 లెక్కన దాదాపు రూ.45 లక్షలు. సహజ మరణం అని రాస్తే ఆ పరిహారం సున్నా. మన కేంద్ర ప్రభుత్వ 'ప్రవాసీ భారతీయ బీమా యోజన' కింద వచ్చే రూ.10 లక్షలు కూడా ప్రమాద మరణానికే. సహజం అని రాస్తే అదీ రాదు.

ఇక తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రూ.5 లక్షల సాయం ఇస్తోంది. మంచి పనే. కానీ అది 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మరణాలకే. వరల్డ్ కప్ కోసం కట్టిన 12 ఏళ్లలో చనిపోయినవారి ఇళ్లు ఆ తేదీకి అవతలే ఉండిపోయాయి.

అప్పు చేసి వీసా కొనుక్కుని పోయిన మనిషి ఏడాదిలో చనిపోతే ఆ ఇంటి పుస్తకంలో మిగిలేది వడ్డీతో పాటు అప్పు. భార్య బీడీలు చుడుతూ దాన్ని తీర్చాలి. రూ.18 లక్షల కోట్ల లెక్కలో ఈ అప్పు ఎక్కడా కనిపించదు. కానీ ఖర్చులో ఇది కూడా భాగమే, కాకపోతే కట్టినవాళ్లు వేరు.

మార్పులు జరగలేదా?

జరిగాయి, చెప్పకపోతే అన్యాయం. పాత కంపెనీ నుంచి ఎన్‌ఓసీ లేకుండా పని మారొచ్చని ఖతర్ 2020లో చట్టం మార్చింది. 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్లు, తిండికి 300, వసతికి 500 అదనం. ఎండాకాలం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు బయట పని నిషేధం. జీతాలు ఎగ్గొట్టిన కంపెనీల కార్మికుల కోసం పెట్టిన నిధి నుంచి 2022 నాటికి 32 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు. వీసా కోసం ఏజెంట్లకు కట్టిన డబ్బు తిరిగి ఇస్తామని స్టేడియం కాంట్రాక్టర్లు దాదాపు 49 వేల మందికి ఒప్పుకున్నారు. ప్రపంచం చూపు మీద పడకపోతే ఇవన్నీ ఇంత త్వరగా జరిగేవా అంటే సందేహమే. ఆ విధంగా చూస్తే పోటీ వల్ల కార్మికుడికి వచ్చిన లాభం కూడా ఉంది. కానీ చాలా వరకు పని అయిపోవచ్చిన తర్వాత వచ్చింది.

చనిపోయినవారికి, జీతం పోగొట్టుకున్నవారికి కనీసం ప్రైజ్ మనీతో సమానంగా 44 కోట్ల డాలర్లు పక్కన పెట్టమని ఆమ్నెస్టీ, ఇతర సంస్థలు 2022లో ఫిఫాను అడిగాయి. ఫిఫా పెట్టలేదు. 2024 నవంబర్‌లో 5 కోట్ల డాలర్ల 'లెగసీ ఫండ్' ప్రకటించింది. ఆ డబ్బు ప్రపంచ ఆరోగ్య సంస్థ, శరణార్థుల సంస్థ లాంటి వాటి కార్యక్రమాలకు. కార్మికుల కుటుంబాలకు నేరుగా పరిహారం అందులో లేదు.

అప్పట్లో పశ్చిమ దేశాల మీడియా ఖతర్‌ను తిట్టిన తీరు మనలో చాలామందికి నచ్చలేదు. ఖతర్ గ్యాస్ కొనేటప్పుడు గుర్తురాని మానవ హక్కులు ఫుట్‌బాల్ అప్పుడే గుర్తొచ్చాయా అని అడిగారు. అడగాల్సిన మాటే. అయితే వాళ్ల ద్వంద్వ నీతి వల్ల మన కూలీకి రావాల్సిన డబ్బు మాఫీ అయిపోదు. కూలి చేసినవాడి చెమట ఆరకముందే కూలి చేతిలో పెట్టాలన్నది మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి వింటున్న మాట. ముస్లిం దేశం కాబట్టి వదిలేయాలి అనడం కాదు, ముస్లిం దేశం కాబట్టి ఇంకా గట్టిగా అడగాలి.

మన దేశం సంగతి

మన దగ్గర ఇది పరాయి విషయం కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌కు 2003లో బిడ్ వేసినప్పుడు చూపిన ఖర్చు సుమారు రూ.1,200 కోట్లు. అందులో చేర్చని ఖర్చులూ ఉన్నాయి. చివరికి కాగ్ నివేదిక తేల్చింది రూ.18,532 కోట్లు. మెట్రో, విమానాశ్రయం ఖర్చు దానికి అదనం. ఎస్సీల కోసం కేటాయించిన నిధుల్లోంచి దాదాపు రూ.680 కోట్లు ఆటలకు మళ్లించిన సంగతి పార్లమెంటులో కేంద్ర హోంమంత్రే ఒప్పుకోవాల్సి వచ్చింది. కనీసం 2 లక్షల మంది పేదల ఇళ్లు పోయాయని హౌసింగ్ అండ్ ల్యాండ్ రైట్స్ నెట్‌వర్క్ అంచనా. మరోపక్క మన ఆటగాళ్లు 101 పతకాలు తెచ్చారు. అదీ నిజమే.

మన గచ్చిబౌలి మాత్రం కొంచెం నయం. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌కు వాడిన బాలయోగి స్టేడియంలో ఇప్పటికీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు జరుగుతున్నాయి. అక్కడి స్పోర్ట్స్ టవర్ 2020లో కరోనా ఆసుపత్రి అయింది. కట్టినదాన్ని జనం వాడుకుంటే ఖర్చు అంతా వృథా అనలేం.

ఇప్పుడు 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కు దక్కాయి. 2036 ఒలింపిక్స్ కూడా కావాలని భారత్ లేఖ ఇచ్చింది. 2026 కామన్వెల్త్ గేమ్స్‌ను ఒప్పుకున్న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఖర్చు రెట్టింపు దాటుతోందని 2023లో తప్పుకుంది. అందుకు 38 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పరిహారం కట్టింది. ఆ ఆటలను గ్లాస్గో పది క్రీడలకు కుదించి తీసుకుంది. అహ్మదాబాద్ ఈ రెండిట్లో ఏ దారిలో పోతుందో ముందే అడగాలి. సంతకాలు అయ్యాక అడిగితే జవాబు ఒక్కటే వస్తుంది: దేశం పరువు.

2034 సౌదీ: ఈసారి ముందే తెలుసు

మన జిల్లాలకు ఇంకా దగ్గరి విషయం 2034 వరల్డ్ కప్. 2024 డిసెంబర్ 11న అది సౌదీ అరేబియాకు ఖరారైంది. వేరే పోటీదారు లేరు. ఐదు నగరాలు, 15 స్టేడియాలు, 48 జట్లు. ఖతర్‌లో 8 స్టేడియాలే. సౌదీలో ఇప్పటికే 20 లక్షలకు పైగా భారతీయులున్నారు. 2025 మార్చిలో అల్ ఖోబర్‌లో కడుతున్న స్టేడియం దగ్గర ఒక పాకిస్తానీ కార్మికుడు పైనుంచి పడి చనిపోయాడు. సౌదీలో కూడా 'సహజ మరణం' సర్టిఫికెట్ల మీద హక్కుల సంస్థలు అవే ప్రశ్నలు అడుగుతున్నాయి. ఇందాక తొందర గురించి చెప్పాను కదా. తేదీ దగ్గర పడే కొద్దీ అక్కడా అదే తొందర వస్తుంది.

ఈ పని కోసం పోవాలనుకునేవాళ్లు కొన్ని విషయాలు చూసుకోవాలి.

- ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ ద్వారా, లేదా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా మాత్రమే పోవాలి. ఏజెంట్ తీసుకోగలిగే సర్వీస్ చార్జీ గరిష్ఠంగా రూ.30 వేలు, జీఎస్టీ అదనం. రసీదు అడగాలి.
- విజిట్ వీసా మీద పోయి పని చేయొద్దు. ఏదైనా జరిగితే పరిహారం అడగడానికి కాగితం ఉండదు.
- ప్రవాసీ బీమా ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, పన్ను అదనం. గడువు అయిపోయాక రెన్యువల్ మర్చిపోవద్దు.
- కాంట్రాక్టు కాపీ ఒకటి ఇంట్లో ఉంచి పోవాలి. జీతం, పని గంటలు, కంపెనీ పేరు ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి.
- జరగరానిది జరిగితే, శవం త్వరగా వస్తే చాలని ఇచ్చిన కాగితం మీదల్లా సంతకం పెట్టొద్దు. మరణ కారణంపై పూర్తి వైద్య నివేదిక కావాలని ఎంబసీకి రాతపూర్వకంగా అడగాలి. 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి.

ఇవి కుటుంబాలు చేసుకోగలిగినవి. ప్రభుత్వాలు చేయాల్సినది వేరే ఉంది. ఆకస్మిక మరణం ప్రతిదానికీ కారణం తేల్చే పరీక్ష జరగాలని ఢిల్లీ ఇప్పుడే రియాద్‌తో రాయించుకోవాలి. 2034కి ఇంకా ఏళ్లున్నాయి. ఖతర్ విషయంలో ఈ మాట పని అంతా అయిపోయాక అడిగాం.

మరి వరల్డ్ కప్ ఖర్చు గిట్టుబాటేనా? ఫిఫాకు ఎప్పుడూ గిట్టుబాటే. ఖతర్‌కు తను కోరుకున్నది దక్కింది. భర్త పెట్టెలో వచ్చిన ఇంటికి మాత్రం ఆ మరణం ఎందుకు జరిగిందో కూడా తెలియదు. ఆ జవాబు రానంతకాలం ఈ లెక్క ముగిసినట్టు కాదు.